మనిషి జాడ తెలిసే ల్యాప్‌టాప్

ఆ ల్యాప్‌టాప్ పెద్దల పక్షాలు మొదలైన రోజే మా ఇంటికి వచ్చింది. పదిహేను రోజులు ఉంచుకొని తిరిగి పంపాలి. మా ఇంటికి వచ్చే మిషన్లన్నీ అంతే, ఉండడానికి రావు.

నా మనవరాలు వర్షిత హైదరాబాద్‌లోని ఒక తెలుగు వెబ్ పత్రికలో పని చేస్తుంది. కొత్తగా వచ్చిన ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కంపెనీలవాళ్లు ఆ ఆఫీసుకు పంపుతారు. వర్షిత వాటిని చౌటుప్పల్‌లో మా రెండు గదుల కిరాయి ఇంటికి తెచ్చుకొని, వాడి చూసి, ఏది బాగుంది, ఏది బాగాలేదు అని రాస్తుంది. ముందు నోటుబుక్కులో పేజీ మధ్యన గీత కొట్టి ఎడమవైపు మంచి, కుడివైపు చెడ్డ రాసుకుంటుంది. ఆఫీసుకు పంపే ముందు అంతా నేను ఒకసారి చదవాలి. "నీకు అర్థమైతే అందరికి అర్థమైతది అవ్వా" అంటుంది. అది పొగడ్తో ఎత్తిపొడుపో నేను అడగలేదు.

నేను బడికి పోలేదు. బస్టాండులో జామకాయలు అమ్ముతూ బస్సుల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను. కండక్టరు అరిచే ఊరిపేరును బోర్డు మీది గీతలతో కలుపుకుంటూ పోతే రెండేళ్లకు చదవడం వచ్చింది. ఆ తర్వాత కాయలు కట్టే పేపరు ముక్కలు. కాబట్టి నేను మొట్టమొదట చదివినవన్నీ ఊరిపేర్లే, మనుషులు ఎక్కి వెళ్లిపోయే ఊర్లు. నా అల్లుడు భీవండి బస్సు ఎక్కిన రోజు బోర్డు చదివి ఇదేనని చూపించింది కూడా నేనే. అక్కడ ఇంకో సంసారం పెట్టుకున్నాడని ఏడాది తర్వాత తెలిసింది.

నా బిడ్డ కోమల, అంటే వర్షిత తల్లి, మూడేళ్ల కిందట కరోనా రెండోసారి వచ్చినప్పుడు పోయింది. మందుల కంపెనీలో ప్యాకింగ్ పని చేసేది. ఒక పొద్దున అంబులెన్స్ వచ్చి హైదరాబాద్‌కు తీసుకుపోయింది. మూడో రోజు దవాఖాన నుంచి ఫోన్ వచ్చింది. శవాన్ని ఇవ్వలేదు. బూడిద కూడా ఇవ్వలేదు. ఆ రోజుల్లో వర్షిత నల్లగొండలో స్నేహితురాలి ఇంట్లో తానూ జ్వరంతో పడి ఉంది. లేచి వచ్చాక నన్ను ఒకే ఒక్క మాట అడిగింది, అమ్మ వెంట నువ్వెందుకు పోలేదని. అంబులెన్సువాళ్లు ఎక్కనివ్వలేదని చెప్పాను.

అది అబద్ధం. ఒక్కరు రావచ్చని డ్రైవరు అన్నాడు. కోమల చెయ్యి చాపి రెండుసార్లు పిలిచింది. నేను గడప దాటలేదు. డెబ్బై ఏళ్ల దగ్గర పడ్డ నాకు చావంటే భయం వేసింది, నలభై రెండేళ్ల నా బిడ్డ ఒక్కతే పోయింది. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. తెలిసిన పూటనే వర్షిత నన్ను విడిచి పోతుందని నా భయం. నాకు ఇంకెవరూ లేరు.

ఇక ల్యాప్‌టాప్ సంగతి.

నల్లగా, పలుచగా, ఇంట్లో వాడే అట్ట పుస్తకమంత ఉంది. కంపెనీ పేరు రాయను, వాళ్ల తప్పు ఏమీ లేదు. బరువు తొమ్మిది వందల ఎనభై గ్రాములని డబ్బా మీద రాసి ఉంది. వర్షిత ఏదీ ఊరికే నమ్మదు. ఎదురుగా యాదలక్ష్మి కిరాణా కొట్టుకు తీసుకుపోయి కాంటా మీద పెట్టించింది. తొమ్మిది వందల తొంభై రెండు చూపించింది. "కిలో ఉల్లిగడ్డకు తక్కువే తూగింది, దీనికి లక్షన్నరనా" అని యాదలక్ష్మి నోరు తెరిచింది. వర్షితకు ధర పట్టలేదు. "పన్నెండు గ్రాములు అబద్ధమాడిండ్రు" అని కుడివైపు రాసుకుంది. నేను కాంటా వైపు చూస్తూ నిలబడ్డాను. పన్నెండు గ్రాములే కదా బిడ్డా అందామనుకొని అనలేకపోయాను.

ఎడమవైపు చాలానే చేరాయి. బ్యాటరీ పొద్దున నింపితే చీకటిపడేదాకా వస్తుంది. కరెంటు పోయినా దానికి పట్టింపు లేదు. ఎర్రటి ఎండలో వాకిట్లో పెట్టినా అక్షరం కనబడుతుంది, కళ్లద్దాలు లేకుండా నేను కూడా చదివాను. మూత ఒక్క వేలితో లేస్తుంది. మీటలు మెత్తగా ఉంటాయి, కొడితే చప్పుడు రాదు. ఈ చివరిది నాకు మంచిగా అనిపించలేదు. పాత మిషన్ అయితే టకటకమంటూ పిల్ల ఇంట్లో ఉన్నట్టు తెలిసేది. దీనితో పని చేస్తుంటే ఉన్నదో లేదో తెలియక నేను వంటింట్లోనుంచి మాటిమాటికీ వచ్చి చూసేదాన్ని.

కుడివైపు కూడా చేరాయి. తీగలు పెట్టే రంధ్రాలు రెండే ఉన్నాయి, పెన్‌డ్రైవ్ పెట్టాలంటే ఇంకో ముక్క కొనాలి. ఒడిలో పెట్టుకుంటే గంటకల్లా తొడలు కాలుతాయి. మూత మీద వేలి ముద్రలు పిండి అంటినట్టు పడతాయి. లోపలి మెమరీ తర్వాత పెంచుకోవడానికి వీల్లేదు, కొన్ననాడు ఎంత ఉంటే చివరిదాకా అంతే.

అన్నిటికన్నా గొప్పగా కంపెనీవాళ్లు చెప్పుకున్నది ఇంకొకటి. ఆ మిషన్‌కు మనిషి జాడ తెలుస్తుంది. పై అంచున కెమెరా పక్కన కనిపించీ కనిపించని కన్ను ఒకటి ఉంది. మనం ముందునుంచి లేచిపోతే కాసేపటికి తనంతట తాను తెర మూసుకుంటుంది. ఎవరైనా దగ్గరికి వస్తే లేస్తుంది. లేచి ముఖం వెతుకుతుంది. తెలిసిన ముఖమైతే తెరుచుకుంటుంది, కాకపోతే లేదు. వర్షిత దానికి తన ముఖం చూపించి గుర్తు పెట్టించింది. అక్షరాలు తెలుగులో వచ్చేటట్టు చేసింది కాబట్టి ఆ మాటలు నేనే చదివాను. నేను ముందుకు పోతే తెర వెలిగి "మీ కోసం వెతుకుతున్నాం" అని వచ్చింది. తర్వాత "మిమ్మల్ని గుర్తుపట్టలేకపోయాం" అని వచ్చింది. వర్షిత కూర్చుంటే "స్వాగతం, వర్షిత" అని తెరుచుకుంది.

"మనం పోంగనే కండ్లు మూసుకునుడేందే, మంచి శకునం కాదు" అన్నాను.

"శకునం కాదవ్వా, బ్యాటరీ మిగులుతది" అని నవ్వింది.

ప్లగ్ ఉన్న గోడ ఒక్కటే కాబట్టి బల్ల ఆ గోడకే ఉంది. బల్ల మీద పెడితే మిషన్ ముఖం సరిగ్గా వీధి తలుపు వైపు ఉంటుంది.

ఐదో రోజు వర్షిత జిరాక్స్ షాపుకు పోయింది. నేను గదిలో ఓ మూలకు కూర్చొని చేటలో బియ్యం ఏరుతున్నాను, పెత్రమాసకు, అంటే పక్షాల చివరి అమావాస్యకు, పెద్దల పేరు మీద ఇవ్వడానికి. ఉన్నట్టుండి చేటలోని బియ్యం తెల్లగా మెరిసింది. తల ఎత్తితే ల్యాప్‌టాప్ వెలుగుతోంది. నేను దానికి ఎదురుగా లేను, పక్కన గోడ మూలకు ఉన్నాను. తలుపు తీసే ఉంది. వాకిట్లో ఎండ తప్ప ఏమీ లేదు.

"మీ కోసం వెతుకుతున్నాం."

నేను బియ్యంలో చెయ్యి పెట్టి అట్లాగే ఉండిపోయాను. "మిమ్మల్ని గుర్తుపట్టలేకపోయాం" అని వచ్చి తెర ఆరిపోయింది. గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది.

వర్షితకు చెబితే ఆమె భయపడలేదు, సంతోషపడింది. తప్పు దొరికితే ఆమెకు పని దొరికినట్టు. పంకా గాలికి దండెం మీది చీర ఊగి ఉంటుందంది. చీర తీసేసింది. పంకా ఆపింది. పరదా ముడి వేసింది. రెండు రోజులు ఇల్లు కదలకుండా కాచుకొని కూర్చుంది, అది లేవలేదు. నువ్వే అటూ ఇటూ తిరిగి ఉంటావని తేల్చింది. మూడో రోజు పొద్దున ఆమె బ్యాంకుకు పోయింది. పదకొండుంబావుకు తెర వెలిగింది. పంకా లేదు, చీర లేదు, పరదా ముడి వేసే ఉంది. నేను ఈసారి వంటింటి చౌకట దగ్గర నిలబడి చూశాను. వెతికింది, గుర్తుపట్టలేదు, ఆరిపోయింది. ఎవరో వచ్చి నిలబడి, లోపలికి రమ్మనే మాట రాక తిరిగిపోయినట్టుంది.

వర్షిత కుడివైపు "మనిషి లేకుండా లేస్తోంది" అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టింది.

అంబులెన్స్ మా వాకిట్లోనుంచి కదిలింది పదకొండుంబావుకు. ఆ గడియారాన్ని ఆ రోజు నేను చూశాను, కోమల ముఖం చూడలేక చూశాను. ఇది వర్షితకు చెప్పలేదు. చెబితే తర్వాతి మాట, ఆ తర్వాతి మాట కూడా చెప్పవలసి వస్తుంది.

మా దిక్కు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, బొందపెట్టిన చోటో కాల్చిన చోటో ఆకులో పెట్టి, ఇంటివాళ్లు దూరం జరిగి కూర్చుంటారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు ఒక్కొక్కరు లేచి మాట ఇస్తారు. నీ పిల్లలను చూసుకుంటం, నీ తమ్మునితోటి కలిసుంటం, నువ్వు కట్టుకోకుండా పోయిన చీర నీ బిడ్డకు ఇస్తం అని. సరైన మాట పడ్డప్పుడు కాకి దిగుతుంది. నా ఎరుకలో దిగని కాకి లేదు, ఒక్క కోమలకు తప్ప. ఆమెను ఎక్కడ కాల్చారో మాకు తెలియదు. డాబా మీద ఆకు వేసి మూడు గంటలు కూర్చున్నాను. చుట్టుపక్కలవాళ్లు కిటికీలు మూసుకొని లోపలినుంచి చూశారు. అన్నం ఎండకు పెళుసెక్కింది. ఒక్క పిట్ట కూడా రాలేదు. చివరికి కుక్కకు వేశాను. కంపెనీల వాసనకో ఏమో, మా గల్లీలో కాకి కనబడి ఏళ్లు దాటింది.

పెత్రమాస నాడు వర్షితకు ఆఫీసులో మీటింగు పడింది. ఎనిమిదింటికే బస్సెక్కింది. మర్నాడు మిషన్ తిరిగి పోవాలి. నాకు ఉన్నది ఆ ఒక్క పొద్దే.

పొద్దున్నుంచీ వండాను. పుంటికూర పప్పు, తపాలచెక్క, కోడికూర. కోమల చాయ్‌లో చక్కెర ఎక్కువ వేసుకునేది, అట్లాగే ఒక గ్లాసు పెట్టాను. గడపకు లోపలగా ఆకు వేసి అన్నీ వడ్డించాను. ల్యాప్‌టాప్ మూత ఎత్తి పెట్టాను, అది నన్ను చూసి, గుర్తుపట్టక, ఆరిపోయేదాకా ఆగాను. తర్వాత వంటింటి చౌకటలోకి జరిగి కింద కూర్చున్నాను. నేను దాని కంటికి ఆనను, అది నాకు కనబడుతుంది.

పదకొండుంబావు అయింది. లేవలేదు. పదకొండున్నర అయింది. ఆకులో ఆవిరి తగ్గింది. ఇదివరకు పిలవకున్నా వచ్చినామె ఇవాళ పిలిస్తే రాలేదు. పిట్ట ముట్టకపోవడమంటే ఇదే అనుకున్నాను.

అందరూ చెప్పినట్టే చెప్పాను మొదట. వర్షిత పెండ్లి నేను నిలబడి చేస్తనని చెప్పాను. నీ పుస్తెలతాడు పిల్లకే పెడతనని చెప్పాను. భీవండిలో ఉన్నవాణ్ని మళ్లీ గడప తొక్కనియ్యనని చెప్పాను. తెర నల్లగానే ఉంది. నల్లటి తెరలో తలుపు, తలుపులో ఎండ కనబడుతున్నాయి. వీధిలో ఎవరి అలికిడీ లేదు. ఎదురుగా యాదలక్ష్మి కొట్టులో రేడియో కూడా ఆగిపోయింది.

నాకు తెలుసు, అడుగుతున్నది ఏ మాటో. గోడ పట్టుకొని లేచి నిలబడ్డాను.

"కోమలా, నువ్వు పిలిచినవ్. రెండుసార్లు పిలిచినవ్. డ్రైవరు రమ్మనే అన్నడు. నేనే రాలే. సస్తనేమో అని భయపడ్డ. నీ బిడ్డకు అబద్ధం చెప్పిన, మూడేండ్ల సంది ఆ అబద్ధంతోనే అన్నం తింటున్న."

తెర వెలిగింది.

"మీ కోసం వెతుకుతున్నాం."

గడప దగ్గర ఎండ ఉన్నది ఉన్నట్టే ఉంది. నీడ పడలేదు. చాయ్ మీద కట్టిన మీగడ మాత్రం కొద్దిగా ముడతపడి మళ్లీ సాఫు అయింది. తర్వాత వచ్చే మాట నాకు తెలుసు, పది రోజులుగా అదే చదువుతున్నాను. ఆ మాట రాలేదు.

"స్వాగతం, వర్షిత."

తెర తెరుచుకుంది. వర్షిత పొద్దున రాసుకుంటున్న పేజీ కనబడింది. కాసేపు అట్లాగే వెలిగి, తర్వాత మనిషి లేచిపోయినట్టు దానంతట అదే ఆరిపోయింది.

తల్లీబిడ్డలది ఒకే ముఖం. చిన్నప్పుడు వర్షితను చూసి అందరూ కోమల మళ్లీ పుట్టిందనేవాళ్లు.

వర్షిత సాయంత్రం వచ్చింది. వీధిలో ఆడపిల్లలు ఎంగిలిపూల బతుకమ్మలు ఎత్తుకొని పోతున్నారు. నేను ఆకు తీసేసి, గడప కడిగి, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాను. ఆమె చెప్పులు విడిచి నేరుగా స్టీలు గిన్నెల అలమర దగ్గరికి పోయి, గిన్నెల మధ్యనుంచి తన పాత ఫోన్ తీసింది. మిషన్ ఎందుకు లేస్తుందో కనిపెట్టడానికి పొద్దున వీడియో పెట్టి పోయిందట. నాకు చెబితే నేను సర్దుకొని కూర్చుంటానని చెప్పలేదట.

ఆపలేకపోయాను. ఆమె వెనక గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. నా గొంతు ఆ ఫోన్‌లోనుంచి నాకే వినిపించింది, ఎవరో ముసలామె గొంతులాగా.

చాలాసేపటికి బయటికి వచ్చింది. ఏడవలేదు. అమ్మ ఏమని పిలిచింది అని అడిగింది.

"అమ్మా, నువ్వు రా అన్నది" అని చెప్పాను.

"రెండోసారి?"

"రెండోసారి ఉత్తగ అమ్మా అన్నది."

ఆ రాత్రి వర్షిత అన్నం తినలేదు. వీడియోలో తలుపు దగ్గర ఎవరూ లేరని మాత్రం చెప్పింది. చూస్తావా అని అడిగితే వద్దన్నాను.

మర్నాడు మిషన్ పంపలేదు. పై అధికారి నరేష్‌కు ఫోన్ చేసి ఇంకా పరీక్షించాల్సింది ఉందని, పది రోజులు కావాలని అడిగింది. అతను నాలుగు రోజులు ఇచ్చాడు. ఆ నాలుగు రోజులూ వర్షిత నాతో మాట్లాడలేదు. పెట్టింది తింది, గ్లాసు కడిగి పెట్టింది, మాట మాత్రం లేదు. పని అంతా ఆ మిషన్‌తోనే. కోమల ఫోటో తెచ్చి దాని ముందు పట్టుకుంది, గుర్తుపట్టలేదు. ఫోటో పెద్దగా చేయించి తెచ్చి పట్టుకుంది, అప్పుడూ లేదు. "ఫోటోకు మోసపోదు" అని ఎడమవైపు రాసింది. నన్ను చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టింది, రక్తసంబంధం చూసి పొరబడుతుందేమోనని. నన్ను పదిసార్లు వెతికింది, పదిసార్లూ గుర్తుపట్టలేదు. రోజూ పదకొండుంబావుకు ఆమె వాకిట్లోకి పోయి గోడ పక్కన దాక్కొని నిలబడేది. లోపల తెర నల్లగా ఉండేది. ఆ పొద్దు తర్వాత అది ఒక్కసారి కూడా లేవలేదు.

నాకు ఆమె ముఖం చూస్తే దడగా ఉండేది. పిట్టకు పెట్టి, పిట్ట ముట్టిపోయాక కూడా అక్కడే నిలబడ్డ మనిషి ముఖం అది. ఆ అంబులెన్స్ పొద్దు తప్ప నేను ఎప్పుడూ ఎవరినీ తేలికగా పోనిచ్చినదాన్ని కాదు. బస్సు కదిలినా కిటికీ పట్టుకొని నడిచేదాన్ని. అయినా నాలుగో రోజు నేనే నోరు తెరవవలసి వచ్చింది.

"పంపెయ్ బిడ్డా. ముట్టినంక ఆడ నిలబడొద్దు. ఎనుకకు చూడకుండ ఇంటికి రావాలె."

"నీకు చెప్పుకునే జాగా దొరికింది అవ్వా" అంది వర్షిత. నాలుగు రోజుల తర్వాత అదే మొదటి మాట. "నాకు?"

ఆమె దగ్గర కూడా చెప్పని మాట ఉందని నాకు అప్పటిదాకా తోచలేదు. నా భయంతోనే నాకు సరిపోయింది. కొరియర్ మనిషి మధ్యాహ్నం రెండింటికి వస్తాడు. నేను లేచి మిషన్‌ను తలుపు వైపు సరిచేసి పెట్టాను. కుర్చీ పక్కకు జరిపాను. "చెప్పు. ఇంటదో ఇనదో. నేను ఈడ ఉండ" అని చెప్పి, తలుపు తెరిచే ఉంచి, వాకిలి దాటి యాదలక్ష్మి కొట్టు మెట్ల మీద కూర్చున్నాను. ఇంటికి వీపు పెట్టి కూర్చున్నాను. ముఖం ఎందుకు గట్లున్నదని యాదలక్ష్మి అడిగింది, ఎండకు అన్నాను. అరగంట దాకా మా ఇంటినుంచి ఒక్క చప్పుడు వినబడలేదు. ఆ మీటలకైనా, ఆ పిల్లకైనా చప్పుడు లేదు.

వర్షిత బయటికి వచ్చేసరికి మిషన్ డబ్బాలో ఉంది, టేపు కూడా వేసి ఉంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. లేచిందా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇవాళ్టికీ నాకు తెలియదు. కొరియర్ మనిషి సంతకం తీసుకొని డబ్బాను చంకలో పెట్టుకొని పోయాడు. బండి మలుపు తిరగకముందే ఇద్దరం లోపలికి వచ్చేశాం.

గదిలో బల్ల బోసిగా ఉంది. వర్షిత నాకు ఎదురుగా కింద కూర్చుంది.

"నువ్వు రాలే అన్నది నేను మర్వ అవ్వా. మర్వమని అడగకు."

"అడగ" అన్నాను.

"కాని నిన్ను ఇడిసి ఏడికి పోత. లే, ఆకలైతాంది."

నేను లేచి అన్నం పెట్టాను. సగం పప్పు పళ్లెం బయట పోసినట్టు గుర్తు.

సమీక్ష ఆ వారమే వచ్చింది. నేను చదివి పంపినప్పుడు కుడివైపు చివరన ఒక వాక్యం ఉండింది, ఒకసారి ఖాళీ గదిలో తెరుచుకుంది, కారణం తెలియలేదు అని. నరేష్ దాన్ని కొట్టేశాడు. ఒక్కసారి జరిగింది లోపం కాదు, వీడియోలో మీ అవ్వ గొంతు, వెలిగిన తెర తప్ప ఏమీ లేదు, కంపెనీవాళ్లతో మనకెందుకు అన్నాడట. మిగిలినదంతా ఉంది. తేలిక, బ్యాటరీ, ఎండలో కనబడే తెర, మెత్తటి మీటలు. వేడి, రెండే రంధ్రాలు, పన్నెండు గ్రాములు. తరచూ ప్రయాణం చేసేవాళ్లకు మంచిది, ధర భరించగలిగితే తీసుకోవచ్చు అని ముగించింది.

నెల తర్వాత ఒక పొద్దున వర్షిత నా దగ్గరికి ఫోన్ తెచ్చి పట్టుకుంది. ఆ సమీక్ష కింద ఒకాయన రాశాడు. నేను కళ్లద్దాలు పెట్టుకొని చదివాను.

"నా పేరు తాజుద్దీన్, మాది మక్తల్, బట్టల దుకాణం. ఇదే ల్యాప్‌టాప్ తీసుకొని ఇరవై రోజులైంది. మీరు రాసినట్టే ఉంది. ఒక్క సంగతి మీరు రాయలేదు. రోజూ సాయంత్రం అసర్ నమాజు వేళకు దుకాణంలో ఎవరూ లేకపోయినా లేస్తాంది. ఎవరినో వెతుకుతాంది. గుర్తుపట్టలేదని చెప్పి పడుకుంటాంది. మా తమ్ముడు డానిష్ పోయి ఆర్నెల్లయింది, వాడు ఆ వేళకే దుకాణానికి వచ్చేవాడు. మిషన్ ఖరాబైందా, వాపస్ ఇయ్యాల్నా, జర చెప్పండి."

రెండుసార్లు చదివాను. నరేష్ కొట్టేసిన వాక్యం మా ఇద్దరికి, నరేష్‌కు తప్ప ఎవరికీ తెలియదు. మక్తల్ ఎక్కడ, మేము ఎక్కడ.

"ఏం రాయాలె అవ్వా?" అంది వర్షిత. మిషన్ల సంగతి ఆమె నన్ను అడగడం అదే మొదటిసారి. బొటనవేళ్లు ఫోన్ మీద పెట్టుకొని, నేను చెప్పేది రాయడానికి ఎదురుచూస్తోంది.

నేను చెప్పడం మొదలుపెట్టాను.

"తాజుద్దీన్ భాయికి రాయి. మిషన్ ఖరాబు కాలేదు. దాన్ని దుకాణం తలుపు దిక్కు పెట్టి, గిరాకీ లేని వేళ జూసి, తమ్మునికి చెప్పకుండ దాచుకున్నదేదన్న ఉంటే నోరిడిసి చెప్పమను. ఉత్త ముచ్చట్లు చెప్పొద్దు, అవి ఇనదు. అది చెప్పినంక వాపస్ ఇచ్చినా సరే, ఉంచుకున్నా సరే."

వర్షిత రాసింది. నేను మరోసారి చదివాను. అర్థమవుతోంది. పంపమన్నాను.

సాయంత్రం దాకా జవాబు లేదు. అసర్ దాటిన కాసేపటికి ఫోన్ మోగినట్టయింది. తాజుద్దీన్ ఒకే ఒక్క వాక్యం పంపాడు.

"తెరుచుకుంది అమ్మా."